టీకి తోడు వేద్దామా?
(కొంబుచా సంగతులు, జాగ్రత్తలు)



పాలకు తోడు వేస్తే పెరుగవుతుందని మనందరికీ తెలుసు. మరి తీపి టీకి తోడు వేస్తే? వారం పది రోజుల్లో పులుపూ తీపీ కలిసి, నాలుక మీద చురుక్కుమనే పానీయం అవుతుంది. దాని పేరే కొంబుచా. చైనా ఈశాన్య ప్రాంతం దీని పుట్టినిల్లు అంటారు. ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు దుకాణాల్లో సీసాల్లో అమ్ముతున్నారు. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పూర్వ విద్యార్థులు కొందరు "ఇంట్లో చేసుకోవచ్చా?" అని అడిగారు. చేసుకోవచ్చు. కానీ ముందు దాని తోడును బతికించుకోవడం తెలియాలి.

కోటలో ధాన్యం, జాడీలో టీ

గండికోటకు వెళ్ళినప్పుడు వంపు కప్పుతో కట్టిన పెద్ద ధాన్యాగారాన్ని మనమంతా చూశాం. గింజ పొడిగా ఉన్నంతకాలం సూక్ష్మజీవులకు అక్కడ బతుకు లేదు. తిండిని నిలవ చేసే పద్ధతుల్లో అది ఒకటి. రెండో పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. మంచి సూక్ష్మజీవులను మనమే పిలిచి కూర్చోబెడితే, అవి పులుపు పుట్టించి చెడ్డవాటిని రానివ్వవు. పెరుగు, ఇడ్లీ పిండి, కొంబుచా అన్నీ ఈ రెండో దారిలోనివే.

తోడులో ఎవరుంటారు?

కొంబుచా తోడు మందమైన మీగడలా, జిగురుగా, గుండ్రంగా ఉంటుంది. చాలామంది దీన్ని "టీ పుట్టగొడుగు" అంటారు గానీ ఇది పుట్టగొడుగు కాదు. ఇందులో ఈస్టులు, బాక్టీరియాలు కలిసి కాపురం చేస్తుంటాయి. ఈస్టులు చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతాయి. బాక్టీరియాలు ఆ ఆల్కహాలులో చాలా భాగాన్ని వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుస్తాయి. దీనికి వాటికి గాలి కావాలి. అందుకే జాడీకి బిగుతు మూత పెట్టరు, గుడ్డ కడతారు. ఆ బాక్టీరియాలే పైన పొరను అల్లుతాయి. ఆ పొర సెల్యులోజు. మన నల్లరేగడి పొలాల్లో కాసే పత్తిలో ఉన్నదీ అదే పదార్థం!

తయారు చేసే విధానం

1. ఒక లీటరు నీళ్ళు మరిగించి, 5 గ్రాముల టీ పొడి వేసి పది నిమిషాల తర్వాత వడకట్టాలి. పాలు పోయకూడదు.
2. 70 గ్రాముల చక్కెర కలిపి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి టీలో వేస్తే తోడు చచ్చిపోతుంది.
3. శుభ్రమైన గాజు జాడీలో పోసి, పాత కొంబుచా 100 మిల్లీలీటర్లు, తోడు బిళ్ళ వేయాలి. బిళ్ళ ఒక్కటే చాలదు. పాత పులుపు నీళ్ళే మొదటి రోజుల్లో కాపలా కాస్తాయి.
4. దగ్గర నేత గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేయాలి. పలుచటి గుడ్డయితే చిన్న ఈగలు దూరతాయి.
5. ఐదో రోజు నుంచి శుభ్రమైన చెంచాతో రుచి చూడాలి. తీపి తగ్గి పులుపు సరిపోయాక తీసుకోవాలి. తాగే ముందే తర్వాతి విడతకు బిళ్ళనూ, 100 మిల్లీలీటర్లనూ పక్కన పెట్టాలి.

అల్యూమినియం, రాగి, ఇత్తడి పాత్రలు వద్దు. పులుపు లోహాన్ని కరిగించి పానీయంలో కలుపుతుంది.

మన ఎండల్లో ఎలా?

ఈ తోడుకు 25 నుంచి 30 డిగ్రీల వేడి బాగుంటుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వేసవి 40 దాటుతుంది. అప్పుడు తొందరగా పులిసిపోయి ఘాటు వాసన వస్తుంది. కాబట్టి చలికాలంలో మొదలుపెట్టండి. వేసవిలో నీళ్ళు పోసిన వెడల్పాటి పళ్ళెంలో జాడీ ఉంచి, చుట్టూ తడిగుడ్డ చుట్టండి. మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

పారబోయడం కూడా నేర్చుకోవాలి

నా మొదటి జాడీ సంగతి చెబుతాను. మే నెలలో, పాత పులుపు నీళ్ళు రెండు చెంచాలే పోసి మొదలుపెట్టాను. వారానికి పొర మీద పచ్చటి నూగు వచ్చింది. డబ్బు పెట్టి తెచ్చిన తోడు! పైది గీకేసి వాడుకుందామనుకున్నాను. మా అమ్మ చూసి, "ఏందిరా అది? బూజు పట్టిందాన్ని కడుపులో పోసుకుంటావా? పారబొయ్యి" అంది.

మెతుకు పారేయకూడదని నేర్చుకుని పెరిగినవాళ్ళం మనం. పారబోయడానికి చెయ్యి రాదు. కానీ బూజు వేళ్ళు కంటికి కనపడనంత లోపలికి పోతాయి. పొడిగా, నూగుగా, పచ్చగా, నల్లగా, తెల్లగా ఏ బూజు కనిపించినా బిళ్ళతో సహా పారేసి జాడీ కడగాలి. గోధుమరంగు దారాల్లాంటివి వేలాడితే మాత్రం భయం లేదు, అవి ఈస్టులే. బిళ్ళ అడుక్కు మునిగినా తప్పు లేదు, పైన కొత్త పొర వస్తుంది. అనుమానం ఉంటే పీహెచ్ పేపరుతో చూడండి. తాగే నాటికి 4.2 కంటే తక్కువ ఉండాలి. 2.5 కంటే దిగితే మరీ పులుపు, తాగవద్దు.

ఎవరు తాగకూడదు?

ఇందులో కొద్దిగా ఆల్కహాలు మిగులుతుంది. కనుక పిల్లలు, గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు తాగవద్దు. హాస్టల్లో ఎవరూ చేయవద్దు. 1995లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రోజూ కొంబుచా తాగే ఇద్దరు మహిళలు తీవ్రంగా జబ్బు పడ్డారు, ఒకరు మరణించారు. కారణం ఇదేనని రుజువు కాలేదు గానీ జాగ్రత్త అవసరమని అందరికీ తెలిసింది. షుగరు తగ్గుతుంది, క్యాన్సరు పోతుంది అని ఎవరైనా చెబితే నమ్మి మాత్రలు మానకండి. ఇది పానీయమే, మందు కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు వేరే ప్రయోగం ఉంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మూడు గిన్నెల్లో పాలు పోయండి. ఒకటి మరుగుతున్నవి, ఒకటి గోరువెచ్చనివి, ఒకటి చల్లనివి. మూడింటికీ ఒకే తోడు వేసి, తెల్లవారి ఏది గట్టిగా పేరుకుందో చూడండి. ఎందుకో ఆలోచించండి.

చివరిగా ఒక మాట. నా చిన్నప్పుడు మా వాడ నుంచి తోడు కోసం గిన్నె పట్టుకుని వెళితే, కొన్ని ఇళ్ళలో వాకిట్లోనే నిలబెట్టి పైనుంచి పోసేవారు. ఆ తోడుకు మాత్రం ఆ తేడా తెలియదు. వాళ్ళింటి పాలు ఎలా తోడుకునేవో మా ఇంటి పాలూ అలాగే తోడుకునేవి. మీ ఇంట్లో పెరిగిన మంచి తోడును అడిగినవారికి చేతికి అందించండి. దాంతోపాటు ఈ జాగ్రత్తలూ చెప్పండి.