'సెట్' వచ్చు, మరి 'పట్టు' వచ్చా?

ఇంగ్లీషులో మూడే మూడు అక్షరాల మాట 'సెట్'. చూడబోతే పిట్టంత, అర్థాలు మాత్రం పుట్టెడు! ఆరు టీ కప్పులు కలిస్తే సెట్టు. సినిమావాళ్ళు చెక్కలతో, అట్టలతో కట్టే మేడ సెట్టు. టెన్నిస్‌లో గెలవవలసింది సెట్టు. లెక్కల పుస్తకంలోని సమితీ సెట్టే. అలారం సెట్ చేస్తాం. విరిగిన ఎముకను డాక్టరుగారు సెట్ చేస్తారు. పోసిన సిమెంటు సెట్ అవుతుంది. సాయంత్రమయ్యేసరికి సూర్యుడూ 'సెట్' అయిపోతాడు. ఇక మా బెంగుళూరు హోటళ్ళలో సెట్ దోసె అడిగితే మెత్తని దోసెలు ఒకదానిమీద ఒకటి పేర్చి తెస్తారు.

1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడుగైన వివరణ ఈ మాటదే. 430కి పైగా అర్థాలు, సుమారు 60,000 మాటల వివరణ! తరువాతి సవరణల్లో 'రన్' దీన్ని దాటిపోయింది. ఆ ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయని 2011లో పత్రికలు రాశాయి.

ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? 'సిట్' అంటే కూర్చోవడం, 'సెట్' అంటే కూర్చోబెట్టడం. ఒక చోట కుదురుగా నిలపడమనే ఆ భావం నుంచే ఎముకా, అలారమూ, సిమెంటూ వచ్చాయి. గుంపు అనే అర్థమిచ్చే 'సెట్' వేరు. అది లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది. రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి.

ఇది చదివినప్పుడు నాకు మన 'పట్టు' గుర్తుకు వచ్చింది. దాని కథా అచ్చం ఇంతే. చేత్తో పట్టుకునే పట్టు మన అచ్చ తెలుగు మాట. పట్టుచీరలోని పట్టు సంస్కృతంనుంచి వచ్చిందని పండితులంటారు. మల్లయోధుడిది ఒక పట్టు, చెట్టుకొమ్మన తేనెపట్టు మరొకటి. ఇనుముకు తుప్పు పడుతుంది, ఒంటికి చెమట పడుతుంది, పనికి గంట పడుతుంది. పాపకు పాలు పడతాం, వానలో గొడుగు పడతాం, మరలో పిండి పట్టిస్తాం. సంసారమన్నాక పట్టువిడుపులు ఉండాలంటాం.

మా అబ్బాయి ఏడో తరగతి. 'సెట్' తో డజను వాక్యాలు తడుముకోకుండా చెబుతాడు. మొన్న మా అత్తగారు "రాత్రి నిద్ర పట్టలేదురా నాన్నా" అంటే, "నిద్రని ఎలా పట్టుకుంటారు నాన్నమ్మా?" అని అడిగాడు. అందరం నవ్వాం. కాని నా నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పెద్దావిడ తన బాధ చెప్పుకుంటే మనవడికి అది అందలేదు కదా!

పిల్లవాడి తప్పేముంది? 'సెట్' అతనికి బడిలో, ఆటలో, టీవీలో, వీధిలో రోజూ ఎదురవుతుంది. 'పట్టు' ఎదురయ్యే చోటు ఇల్లొక్కటే. కన్నడిగులకూ 'పట్టు' ఉంది, కాని వాళ్ళకది పట్టుదల, కుస్తీపట్టు. తమిళులకు 'పట్టు' అంటే పట్టుబట్ట. ఇరుగుపొరుగు మాట తోడొచ్చినా సగం దూరమే వస్తుంది. నిద్ర పట్టడం, పాలు పట్టడం మాత్రం ఇంట్లో పెద్దల నోట వినవలసిందే. నిఘంటువు అర్థం చెబుతుంది గాని, ఆ మాట ఎప్పుడు ఎలా అనాలో చెవిన పడితేనే తెలుస్తుంది.

అందుకే ఈ మధ్య మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఒక ఆట మొదలుపెట్టాం. ఒక రోజు 'పట్టు', ఒక రోజు 'కట్టు', మరో రోజు 'పడు'. తలా ఒక వాక్యం చెప్పాలి, చెప్పిన అర్థం మళ్ళీ చెప్పకూడదు. తీర్పు మా అత్తగారిది. మీరూ ఆడి చూడండి. పట్టుమని పది వాక్యాలు రాకపోతాయా!