పెరటిలో జిల్లేడు

రథసప్తమినాటి వేకువజామున తెలుగువారి ఇండ్లలో జిల్లేడాకులకై వెదకులాట మొదలగును. మాఘ శుద్ధ సప్తమినాడు ఏడాకులను తలపైనను భుజములపైనను ఉంచుకొని స్నానము చేయుట ఆచారము. వినాయకచవితి పూజలోని 21 పత్రులలో అర్కపత్రమును ఒకటి. ఈ పండుగలు గడచిన పిమ్మట జిల్లేటిని తలచువారు అరుదు. పైపెచ్చు ఇల్లు పాడుబడినదని చెప్పుటకు 'జిల్లేళ్ళు మొలిచినవి' అనుట వాడుక. పూజకు పనికివచ్చిన చెట్టే పెరటిలో మొలచినంతనే గునపమునకు ఎర యగుచున్నది.

నిజమునకు ఇది పాడు చేయు చెట్టు కాదు. పాడుపడిన నేలలోను బ్రతుకగల చెట్టు. సంస్కృతమున అర్కశబ్దమునకు సూర్యుడనియు జిల్లేడనియు అర్థములు. నడివేసవిలో తక్కిన మొక్కలు వడలిపోవునప్పుడు జిల్లేడు నిండుగా నిలిచియుండును. లేతాకును వ్రేలితో రాచినచో తెల్లని నూగు అంటుకొని, దాని క్రిందనున్న పచ్చదనము బయటపడును. చెట్టునకు వెండి వన్నె నిచ్చునది ఈ నూగే. ఇది ఎండను కొంత మరలించి, ఆకులోని తేమ త్వరగా ఆరిపోకుండ కాపాడును. లోతునకు దిగు తల్లివేరు అడుగునేలలోని తడిని అందుకొనును.

ఈ చెట్టును ఆశ్రయించు ప్రాణులును కలవు. నారింజవన్నె రెక్కలకు నల్లని అంచును, అందు తెల్లని చుక్కలును గల సీతాకోకచిలుక దీని ఆకులపై గ్రుడ్లు పెట్టును. నలుపు, తెలుపు, పసుపు పట్టెలు గల దాని గొంగళిపురుగు జిల్లేడాకులను తిని, అందలి విషమును తన దేహమున దాచుకొనును. అందుచేత పక్షులు దానిని రోసి విడిచిపెట్టును. పూలపై వ్రాలు పెద్ద నల్లతుమ్మెద కాళ్ళకు పుప్పొడి ముద్దలు తగులుకొని మరియొక పూవునకు చేరును. కాయ పట్టుట దానివలననే. ఊరి జిల్లేళ్ళన్నియు పెకలించినచో ఈ జీవుల కొక ఆదరువు తగ్గిపోవును.

దీనిని పెంచుట కష్టము కాదు. ముదిరిన కాయ పగిలి, దూదితో కూడిన గింజలు గాలికెగిరిపోకముందే కోసి ఎండబెట్టవలెను. తొలకరిలో ఇసుక కలిపిన మట్టిలో గింజలను పైపైన నాటినచో మొలచును. మొక్క చిన్నదిగా నుండగనే రోజంతయు ఎండ తగులు చోటికి మార్చవలెను. తల్లివేరు దిగిన పిమ్మట పెకలించి నాటినచో బ్రతుకుట కష్టము. వేరూనువరకు తడి చాలును. ఎరువు అక్కరలేదు, నీరు నిలిచినచో మాత్రము వేరు కుళ్ళును. ఏపుగా పెరిగినపుడు మోకాలెత్తున నరికినను మరల చిగుర్చును.

అయినను దీని పాలయెడ జాగ్రత్త తప్పనిసరి. అవి కంటిలో పడినచో మొదట నొప్పి అంతగా లేకున్నను, కనుపాప ముందరి పొర వాచి చూపు మసకబారును. వెంటనే శుభ్రమైన నీటితో చాలసేపు కడిగి, నేత్రవైద్యుని కడకు తీసికొనిపోవలెను. నాటువైద్యమని పాలను కడుపులోనికి పుచ్చుకొనరాదు. పాఠశాలలో పెంచదలచినచో పసిపిల్లలు ఆడుకొను చోటికి దూరముగా, కంచె కావల నాటవలెను. ఆకులు కోయుట పెద్దల పనియే కావలెను.

ఇంత జాగ్రత్త కోరు చెట్టు బడికెందుకని ప్రశ్నింపవచ్చును. ఒకే ఆకుపై గ్రుడ్డు, గొంగళి, ప్యూపా దశలను కంచె కీవలనుండి విద్యార్థికి చూపగల చెట్లు ఎన్ని యున్నవి? విషముగలది ఏదో, దాని నెట్లు ఎరిగి మెలగవలెనో నేర్పుటయు చదువులో భాగమే. పెరటి మూల మొలచిన జిల్లేటిపై గునపమెత్తుటకు ముందు దాని ఆకును ఒక్కసారి త్రిప్పి చూచుట మేలు. అడుగున తెల్లని చిన్న గ్రుడ్డొకటి అంటుకొనియుండవచ్చును.