శంషాబాద్ టు దుబాయ్: పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలా?

మన కల్వకుర్తి సైడ్ ఎవరింట్లోనైనా దుబాయ్ టికెట్ బుక్ చేస్తే, ఫోన్ తెచ్చి ఇచ్చేది మీలాంటి పిల్లలకే. "ఎంతసేపు పడుతది రా?" అని అడుగుతరు. ఈ రోజు దానికి కరెక్ట్ సమాధానం చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. శంషాబాద్‌లో ఉదయం 10:00కి బయల్దేరి, దుబాయ్‌లో 12:30కి దిగే టికెట్. తీసేస్తే రెండున్నర గంటలు. తిరుగు టికెట్ రాత్రి 10:00కి మొదలై, తెల్లవారుజామున 3:00కి శంషాబాద్‌లో దిగుతుంది. అంటే ఐదు గంటలు. అదే దారి, డబుల్ టైమా?

కాదు. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అందుకని పోయేటప్పుడు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు గంటన్నర తీసేయాలి. అంటే పోవడానికి 4 గంటలు, రావడానికి మూడున్నర.

మరి ఆ అరగంట తేడా ఎక్కడిది? అది గాలి పని. గ్లోబు మీద రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దారం బిగుతుగా పట్టుకుంటే వచ్చే దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు 850 పోతుందనుకుంటే 3 గంటలు. కానీ పైన గాలి, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. ఆ గాలి వేగం 100 అనుకోండి. పోయేటప్పుడు ఎదురుగాలి, నికరంగా 750, అంటే 3 గంటల 24 నిమిషాలు. వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, 950, అంటే 2 గంటల 41 నిమిషాలు. దీనికి రన్‌వే దాకా పోవడం, ఎక్కడం, దిగడం, కొంచెం చుట్టు తిరగడం కలిపితే టికెట్ మీది టైమ్ వస్తుంది.

ఇప్పుడు అసలు డేంజర్ పాయింట్. గల్ఫ్ ఫ్లైట్లు కొన్ని అర్ధరాత్రి దాటాక ఉంటాయి. టికెట్ మీద "15వ తేదీ, 00:40" అని ఉంటే, అది 14వ తేదీ రాత్రి భోజనం అయ్యాక వచ్చే టైమ్. 15 రాత్రి పోతే ఫ్లైట్ పోయి దాదాపు రోజు గడిచినట్టే. టికెట్ పైసలూ పోతయి, అక్కడ డ్యూటీలో చేరే రోజూ పోతది.

కాబట్టి వెనక నుంచి లెక్కపెట్టండి. ఇంటర్నేషనల్ ఫ్లైట్‌కి మూడు గంటల ముందు, అంటే 14 రాత్రి 9:40కి ఎయిర్‌పోర్టులో ఉండాలి. కల్వకుర్తి నుంచి రోడ్డు మీద రెండు గంటలు పెట్టుకోండి. ట్రాఫిక్‌కి ఇంకొంచెం. 14 సాయంత్రం ఏడుకల్లా బండి కదలాలి.

ఇంట్లో పెద్దోళ్లకు "15న ఫ్లైట్" అని చెప్పకండి. "14 సాయంత్రం ఏడింటికి బయల్దేరాలె" అని చెప్పండి. మీ దగ్గర టికెట్ ఉంటే ఇప్పుడే తీసి లెక్క చేయండి, ఎన్ని గంటలు వచ్చిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.