బడి ముందు వేగానికి కళ్లెం

30 కిలోమీటర్ల పరిమితి ఎందుకు? ఎవరు విధించాలి?

బషీరాబాద్: ఉదయం బడి గంట మోగే వేళ, సాయంత్రం బడి విడిచే వేళ.. ఈ రెండు పూటలా రహదారిపై పిల్లలు, లారీలు ఒకేచోట తారసపడుతుంటారు. తాండూరు ప్రాంతంలో ఇది మరింత ఆందోళన కలిగించే విషయం. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు, కంది మార్కెట్.. అన్నింటి సరుకూ ఈ రోడ్ల మీదుగానే సాగుతుంది. కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న బషీరాబాద్ మండలంలో నడిచి వచ్చే విద్యార్థులు, సైకిళ్లపై వచ్చేవారు, ఆటోలు, ఆర్టీసీ బస్సులు దిగి రోడ్డు దాటేవారు అదే దారిని లారీలతో పంచుకోక తప్పదు. 'ముందు పాఠశాల ఉంది' అన్న బోర్డు చూసి డ్రైవరు వేగం తగ్గిస్తే సరి, లేకుంటే దేవుడిపై భారమే. డ్రైవరు దయపై ఆధారపడిన ఈ రక్షణను చట్టబద్ధమైన పరిమితిగా మార్చే వీలుంది. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టాన్ని వాడుకుంటే చాలు.

2025 నవంబరు 3న తాండూరు నుంచి హైదరాబాద్ వెళుతున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఢీకొన్న దుర్ఘటనలో 19 మంది మృత్యువాత పడ్డారు. వారిలో చదువుకునే పిల్లలూ ఉన్నారు. అది బడి ముందు జరిగిన ప్రమాదం కాదు. అయినా బరువుతో ఉన్న వాహనం మీదికి వస్తే తప్పించుకునే వ్యవధి ఎవరికీ ఉండదన్న చేదు నిజాన్ని ఈ ప్రాంతానికి ఆ రోజు తెలియజెప్పింది. బస్సులో కూర్చున్న పెద్దలకే లేని ఆ వ్యవధి, రోడ్డు పక్కన పుస్తకాల సంచితో నడిచే పిల్లలకు ఎక్కడిది?

బ్రేకు పడేలోపే..

వేగం తగ్గితే ప్రమాదం తగ్గుతుందని అందరూ అంటారు. ఎంత తగ్గుతుందో లెక్క చూస్తేనే విషయం బోధపడుతుంది. వాహనం ఆగడానికి రెండు దశలు ఉంటాయి. అడ్డంకిని చూసి, గ్రహించి, బ్రేకుపై కాలు మోపడం మొదటిది. బ్రేకు పడ్డాక చక్రాలు నిలవడం రెండోది. మొదటి దశకు రెండున్నర సెకన్లు పడుతుందని రహదారుల రూపకల్పనలో భారత రోడ్ల కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్కగడుతుంది. దాని ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం పూర్తిగా ఆగడానికి 80 మీటర్లు కావాలి. 40 కిలోమీటర్ల వేగమైతే 45 మీటర్లు, 30 కిలోమీటర్లయితే 30 మీటర్లు సరిపోతుంది.

దీన్ని మరోలా చూద్దాం. 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. డ్రైవరు బ్రేకు తొక్కేలోపే వాహనం 42 మీటర్లు దూసుకుపోతుంది. అంటే 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం 30 మీటర్లలో పూర్తిగా నిలిచిపోతే, 60తో వచ్చే వాహనానికి ఆ చోటికి చేరేసరికి ఇంకా బ్రేకే పడదు. 35 మీటర్ల దూరంలో బాలుడు రోడ్డుపైకి వచ్చాడనుకుంటే, మొదటి వాహనం అతడికి చేరువలో ఆగుతుంది. రెండోది వచ్చిన వేగంతోనే ఢీకొంటుంది. ఇక్కడ డ్రైవరు నైపుణ్యంతో పనిలేదు. అనుభవజ్ఞుడైనా, కొత్తవాడైనా ఫలితం ఒక్కటే.

దెబ్బ తీవ్రత కూడా వేగంతో సమానంగా పెరగదు. వేగం రెండింతలైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. 30 కిలోమీటర్ల వేగంతో తగిలే దెబ్బ సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి.. అంటే ఒక అంతస్తు పైనుంచి పడినదానితో సమానం. 60 కిలోమీటర్ల వేగంతో తగిలితే 14 మీటర్లు, అంటే నాలుగంతస్తుల పైనుంచి పడినట్టు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కేంద్ర రహదారి రవాణా శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, అందులో 71 శాతం మరణాలకు అతివేగమే కారణం. మృతుల్లో 18 ఏళ్లలోపు వారు 9,528 మంది. అదే ఏడాది తెలంగాణలో 7,559 మంది ప్రాణాలు కోల్పోయారు.

పిల్లలు చిన్నసైజు పెద్దలు కారు

'పిల్లలే చూసుకుని దాటాలి' అన్న మాట తరచూ వినిపిస్తుంటుంది. జాగ్రత్తలు నేర్పడం అవసరమే. అయితే దూరాన వచ్చే వాహనం ఎంత వేగంతో వస్తోందో అంచనా వేసే శక్తి ప్రాథమిక పాఠశాల వయసులో పూర్తిగా రాదు. చిన్నపిల్లలు ఎత్తు తక్కువ కావడం వల్ల ఆగి ఉన్న ఆటో వెనుక నుంచి వారికి రోడ్డు కనిపించదు, డ్రైవరుకు వారూ కనిపించరు. టిప్పర్ వంటి ఎత్తైన వాహనానికి మరీ దగ్గరగా ముందు నిలుచున్న పిల్లవాడు డ్రైవరు చూపుకే అందడు. బడి విడిచిన సంబరంలో గుంపుగా పరుగెత్తడం ఆ వయసుకు సహజం. పిల్లల స్వభావాన్ని మార్చలేం కనుక వాహనాల వేగాన్నే మార్చాలన్నది ఈ పరిమితి వెనుక ఉన్న ఆలోచన.

ఇది మన చట్టాలకు పరాయి ఆలోచన ఏమీ కాదు. ఊరేగింపు, కవాతు చేస్తున్న పోలీసు దళం, మరమ్మతులు చేస్తున్న కూలీల పక్కగా వెళ్లేటప్పుడు 25 కిలోమీటర్లకు మించరాదని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఉంది. వాటి స్థానంలో 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఊరేగింపు ఏడాదికి ఒకటో రెండో నాళ్లు సాగుతుంది. బడి పిల్లల వరస రోజూ రెండు పూటలా సాగుతుంది.

ముక్కోణపు బోర్డుకు, గుండ్రటి బోర్డుకు తేడా

చాలాచోట్ల బడుల ముందు ముక్కోణపు బోర్డు కనిపిస్తుంది. ఎర్ర అంచు, లోపల పిల్లల బొమ్మ ఉంటాయి. అది హెచ్చరిక మాత్రమే. 'జాగ్రత్త' అని చెబుతుంది తప్ప 'ఇంతకు మించి వెళ్లరాదు' అని శాసించదు. శాసించేది ఎర్ర వలయంలో అంకె ఉన్న గుండ్రటి బోర్డు. ఆ అంకెకు బలం చేకూరాలంటే దాని వెనుక ఉత్తర్వు ఉండాలి.

2018 ఏప్రిల్ 6న కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగ పరిమితుల్లో, విభాగిని లేని సాధారణ రహదారులపై కార్లకు 70, సరుకు వాహనాలకు 60 కిలోమీటర్లుగా పేర్కొన్నారు. బడుల పరిసరాలకు విడిగా అంకె ఇవ్వలేదు. ఆ లెక్కన బడి ముందు నుంచి 60 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే లారీ పరిమితిని దాటినట్టు కాదు. గ్రామస్థులు నిలదీసినా, పోలీసులు ఆపినా 'అతివేగం' అనడానికి ఆధారం ఉండదు.

ఈ లోటును పూడ్చే మార్గం మోటారు వాహనాల చట్టం-1988లోని 112వ సెక్షనులో ఉంది. ప్రజల భద్రత దృష్ట్యా గానీ, రోడ్డు స్వభావాన్ని బట్టి గానీ వేగాన్ని నియంత్రించడం అవసరమని భావిస్తే రాష్ట్ర ప్రభుత్వం, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన యంత్రాంగం గెజిట్‌లో నోటిఫికేషన్ జారీ చేసి ఆయా ప్రాంతాలకు, రోడ్లకు తగిన పరిమితి విధించవచ్చు. 116వ సెక్షను ప్రకారం అక్కడ బోర్డులు నిలపాలి. ఉత్తర్వు, బోర్డు రెండూ ఉంటేనే పరిమితికి విలువ. దాన్ని ఉల్లంఘిస్తే 183వ సెక్షను వర్తిస్తుంది. 2019 సవరణ ప్రకారం ఇందుకు తేలికపాటి వాహనాలకు రూ.1,000 నుంచి రూ.2,000, మధ్యతరహా, భారీ వాహనాలకు రూ.2,000 నుంచి రూ.4,000 వరకు జరిమానా ఉంది.

హైదరాబాద్‌లో చేశారు..

తెలంగాణ ప్రభుత్వం ఈ అధికారాన్ని ఇప్పటికే వినియోగించింది. 2022లో జీహెచ్‌ఎంసీ పరిధిలో రోడ్డు రకాన్ని బట్టి వేగ పరిమితులు ప్రకటించింది. విభాగిని ఉన్న రోడ్లపై కార్లకు 60, విభాగిని లేనిచోట 50, కాలనీ రోడ్లలో అన్ని వాహనాలకు 30 కిలోమీటర్లుగా నిర్ణయించింది. కేరళలో పాఠశాలల సమీపంలో 30 కిలోమీటర్ల పరిమితి ఉంది. రాజధాని కాలనీలో ఇంటి ముందు ఆడుకునే పిల్లలకు లభించిన రక్షణ, లారీలు తిరిగే మండల కేంద్రంలో రోడ్డు దాటే పిల్లలకూ లభించాలని కోరడం న్యాయమే.

ప్రపంచమంతటా 30 అన్న అంకే వినిపిస్తోంది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన రోడ్డు భద్రతా మంత్రుల సదస్సు, పాదచారులు, సైకిలిస్టులు వాహనాలతో కలిసి తిరిగే చోట్ల 30 కిలోమీటర్లకు మించరాదని ప్రకటించింది. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2023 సెప్టెంబరు 17 నుంచి జనావాసాల రోడ్లపై గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లను సాధారణ పరిమితిగా అమలుచేశారు.

పోయేది 18 సెకన్లు

వేగం తగ్గిస్తే ట్రిప్పులు తగ్గి నష్టపోతామన్నది వాహనదారుల అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయాల్సిన పనిలేదు, లెక్కిస్తే సరిపోతుంది. బడి గేటుకు ఇరువైపులా 150 మీటర్ల చొప్పున 300 మీటర్ల మేర పరిమితి విధించారనుకుందాం. 60 కిలోమీటర్ల వేగంతో ఆ దూరం దాటడానికి 18 సెకన్లు పడుతుంది. 30తో అయితే 36 సెకన్లు. వేగం తగ్గించి తిరిగి అందుకోవడానికి పట్టే సమయాన్ని కలిపినా ఒక బడి దగ్గర పోయేది అర నిమిషంలోపే. దారిలో నాలుగు బడులున్నా రెండు నిమిషాలు దాటదు. రైల్వే గేటు ఒక్కసారి పడితే ఆగే సమయం ఇంతకంటే ఎక్కువ.

బోర్డు ఒక్కటే చాలదు

అంకె రాసినంత మాత్రాన వేగం తగ్గదని అనుభవం చెబుతోంది. విశాలంగా, నున్నగా, నేరుగా సాగే రోడ్డు 'వేగంగా వెళ్లు' అనే చెబుతుంది. అందువల్ల రోడ్డు రూపమూ మారాలి. గేటు ఎదుట స్పష్టంగా కనిపించే జీబ్రా క్రాసింగ్, పిల్లలు ఒక్కసారిగా రోడ్డుపైకి దూసుకురాకుండా గేటు ముందు కంచె, ఆటోలు, బస్సులు ఆగడానికి గేటుకు కాస్త దూరంగా చోటు, నడవడానికి గట్టి పక్కబాట ఉండాలి.

స్పీడ్ బ్రేకర్ల విషయంలో జాగ్రత్త అవసరం. గ్రామాల్లో ఎవరికి తోచినట్లు వారు మట్టితోనో, సిమెంటుతోనో కట్టే నిటారు దిమ్మెలు ద్విచక్ర వాహనదారుల నడుములు విరగ్గొడుతున్నాయి. ఐఆర్‌సీ సూచించిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. వాహనం 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటేలా దాన్ని రూపొందించారు. దానిపై తెల్లని చారలు వేయాలి, ముందుగానే హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఇవి లేని స్పీడ్ బ్రేకర్ రాత్రివేళ తానే ప్రమాదానికి కారణమవుతుంది. జాతీయ, రాష్ట్ర రహదారులపై సంబంధిత శాఖ అనుమతి లేకుండా వీటిని నిర్మించకూడదు.

ఎవరిని అడగాలి?

ముందుగా రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి. కొన్ని రోడ్లు రోడ్లు, భవనాల శాఖవి, గ్రామాలను కలిపేవి చాలావరకు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. బోర్డులు, చారలు, కంచె ఆ శాఖల బాధ్యత. వేగ పరిమితి అమలు పోలీసు, రవాణా శాఖలది. ఈ శాఖలన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చునే వేదిక కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. మోటారు వాహనాల చట్టంలోని 215వ సెక్షను జిల్లా కమిటీలకు వీలు కల్పిస్తోంది. వికారాబాద్ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇచ్చే వినతిపత్రానికి గ్రామసభ తీర్మానం, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ లేఖ జతచేస్తే బలం చేకూరుతుంది.

'ప్రమాదకరంగా ఉంది' అని రాస్తే చాలదు. ఉదయం, సాయంత్రం ఎంతమంది పిల్లలు దాటుతున్నారు, ఆ గంటలో ఎన్ని భారీ వాహనాలు వెళుతున్నాయి, అవి ఎంత వేగంతో వెళుతున్నాయి.. ఈ మూడు అంకెలూ ఉండాలి. వేగం తెలుసుకోవడానికి యంత్రమే అక్కర్లేదు. రోడ్డు అంచున 50 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టుకుని, పెద్దలు రోడ్డుకు దూరంగా నిలబడి చేతి గడియారంతో లెక్కించవచ్చు. ఆ దూరాన్ని వాహనం 6 సెకన్లలో దాటితే దాని వేగం 30 కిలోమీటర్లు. 3 సెకన్లలోనే దాటేస్తే 60. వారం రోజులు ఇలా రాసిపెట్టిన పట్టికను ఏ అధికారీ తేలిగ్గా పక్కన పెట్టలేరు.

గెజిట్ ప్రక్రియకు సమయం పడుతుందన్న జవాబు రావచ్చు. దానికీ చట్టంలోనే సమాధానం ఉంది. నెల రోజులకు మించని నియంత్రణకు గెజిట్ ప్రకటన అవసరం లేదని 112వ సెక్షను స్పష్టం చేస్తోంది. బడులు తెరుచుకునే జూన్ మాసంలో మండలంలోని ఏదైనా ఒక బడి ముందు, అధికారం ఉన్న యంత్రాంగం నెల రోజుల పాటు 30 కిలోమీటర్ల పరిమితిని ప్రయోగాత్మకంగా అమలుచేసి చూడవచ్చు. ఆ నెలకు ముందు, ఆ తర్వాత వాహనాల వేగాన్ని కొలిచి పోల్చితే శాశ్వత ఉత్తర్వుకు కావలసిన ఆధారం చేతికి వస్తుంది.