తాగుతాడా అని కాదు, ఎలా తాగుతున్నాడో చూడండి
(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"మా ఆయన తాగుతాడమ్మా" అని ఒకామె కళ్లు తుడుచుకుంటుంది. "ఏదో పండక్కీ పబ్బానికీ పుచ్చుకుంటారు లెండి" అని ఇంకొకామె సర్దుకుంటుంది. ఈ రెండు మాటల్లోనూ అసలు సంగతి తెలియదు. ఎంత, ఎప్పుడు, దేనికి తాగుతున్నాడన్నది చూడాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేనేళ్లు నిండిన మగవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి 19 మంది మద్యం పుచ్చుకుంటున్నట్టు తేలింది. తెలంగాణలోనో, 43 మంది! అక్కడ ఆడవాళ్లలో కూడా నూటికి సుమారు ఏడుగురున్నారు. పండుగకూ పెళ్లికీ కల్లు ఆచారంగా వస్తున్న చోటు గదా!

"క్వార్టరే గదా" అంటారు. లెక్క చూడండి. నూటికి అయిదు పాళ్ల బీరు పెద్ద సీసాలో ఆల్కహాలు 32 మిల్లీలీటర్లుంటే, 180 మిల్లీలీటర్ల క్వార్టరు విస్కీలో 77 వుంటుంది. అంటే రెండు బీర్లను మించిపోయిందన్నమాట. కల్లు సంగతీ అంతే. పొద్దున్నే దించింది తియ్యగా వుంటుంది, పొద్దెక్కేకొద్దీ పులిసి నిషా పెరుగుతుంది.

తాగేవాళ్లు ముఖ్యంగా మూడు రకాలు. కూలి డబ్బులు అందిన రోజున ఒక్కపూటలో పట్టించేవాళ్లకు ప్రమాదం దారిలోనూ, ఇంటి కొట్లాటలోనూ వుంది. ఒళ్లునొప్పులంటూ రోజూ కొంచెం తాగేవాళ్లకు మోతాదు పెరుగుతూ, కాలేయం చెప్పకుండా చెడుతుంది. మూడోరకం, లేవగానే చేతులు వణికి, చుక్క పడితేగాని పనిలోకి వెళ్లలేనివాళ్లు. ఇది జబ్బు.

మాల వేసుకుని 41 రోజులు ముట్టనివాళ్లను చూస్తూంటాం. సంతోషమే. కాని ఈ మూడోరకం మనిషి చేత ఒట్టు వేయించి, గదిలో పెట్టి తాళం వెయ్యకండి. ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో ఫిట్సు రావచ్చు. మతి చలించి లేనివి కనిపించవచ్చు. ప్రాణానికే ముప్పు. నాటకాలనుకోక వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్కడ మందులిచ్చి జాగ్రత్తగా మాన్పిస్తారు. సలహాకు 14446 నంబరుకు ఫోను చెయ్యవచ్చు, ఖర్చుండదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పదిమంది కలిస్తే దుకాణం మూతపడుతుంది, నిజమే. కాని ఇంట్లో మనిషి చేతివణుకు దానంతట అది తగ్గదు గదా! అందుకే ఇవాళనుంచి ఒక వారం పాటు ఏ రోజు, ఏ వేళ, ఎంత అన్నది కాగితం మీద రాయండి. దెబ్బలాటకు దిగకుండా, ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

సెలవు.