కొల్లేటికి ఒడ్డు లేదు: బస గురించి అపోహలు, వాస్తవాలు

ఎల్లోస్టోన్‌లోనో, కెనడాలోని ఆల్గాంక్విన్ పార్కులోనో గుడారం వేసుకుని నాలుగు రాత్రులు గడిపి వచ్చిన పిల్లలు పండక్కి ఏలూరో తాడేపల్లిగూడెమో వచ్చి, "బాబాయ్, కొల్లేటి దగ్గర క్యాంపింగ్ ఎక్కడ చేస్తారు?" అని అడుగుతారు. బాబాయికి కొల్లేటి చేప ఎవరి దగ్గర కొనాలో తెలుసు, ఏ గట్టు మీద కారు దిగబడుతుందో తెలుసు. గుడారం సంగతి మాత్రం ఎన్నడూ అవసరపడలేదు. అయినా తెలియదనడం ఇష్టం లేక, "ఎక్కడైనా వేసుకోండిరా, మన కొల్లేరే కదా" అనేస్తాడు. ఈ విషయంలో చెలామణీలో ఉన్న సలహాల్లో సగం ఇలా పుట్టినవే.

అపోహ: ఒడ్డున కాస్త చదును చూసుకుని గుడారం వేసుకోవచ్చు

కొల్లేటికి ఒడ్డంటూ ఒకటి ఉంటే కదా! ఇక్కడిదాకా నీళ్ళు, ఇక్కణ్ణుంచి నేల అని చూపించడానికి వీలైన చెరువు కాదిది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలా పల్లంగా ఉన్న చోట బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులూ డ్రెయిన్లూ వచ్చి పడతాయి. ఆ నీటిని సముద్రానికి చేర్చేది ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే దారులు బోలెడు, పోయే దారి ఒకటి. కాబట్టి వాన ఎక్కువైన ఏడాది నీళ్ళు చుట్టూ ఉన్న చేల మీదికి పాకుతాయి, ఎండాకాలం వచ్చేసరికి మైళ్ళ కొద్దీ వెనక్కి పోతాయి.

ప్రభుత్వం కూడా అందుకే కొల్లేటి హద్దును నేల ఎత్తును బట్టి నిర్ణయించింది. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా ఉన్న ప్రాంతాన్ని. దాన్నే ఐదో కాంటూరు అంటారు. విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినప్పుడు పదో కాంటూరు దాకా లెక్కవేసి 901 చదరపు కిలోమీటర్లుగా రాశారు. ఈ రెండు అంకెల మధ్య తేడా చూస్తేనే తెలుస్తుంది, కొల్లేరు ఎంత అనే ప్రశ్నకు ఏ ఎత్తు దాకా అనే ఎదురు ప్రశ్న ఎందుకు వేయాలో.

ఐదో కాంటూరు కంటికి కనపడే గీత కాదు. చుట్టూ వరి చేలే ఉంటాయి, అయినా మీరు నిలబడింది అభయారణ్యంలో కావచ్చు. లోపల జిరాయితీ భూములూ ఉన్నాయి. "మా పొలమే, ఎవరేమంటారు, వేసుకోండి" అని రైతు మనస్ఫూర్తిగానే అంటాడు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 27వ సెక్షన్ చూస్తే, అభయారణ్యంలో స్థిరాస్తి హక్కున్నవాళ్ళకీ వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళకీ రాకపోకల హక్కుంది. పండక్కి వచ్చిన చుట్టానికి లేదు. ఆ చుట్టం 28వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. ఏలూరులో అటవీ శాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయం ఉంది, అడగాల్సింది అక్కడ. పబ్లిక్ రోడ్డు మీద సాగిపోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏలూరు నుంచి కైకలూరు దాకా కారులో పోతూ ఎంత కొల్లేరైనా చూడొచ్చు. కారు ఆపి గట్టు మీదుగా లోపలికి నడిచారంటే ఇక లెక్క వేరు. అక్కడ నెగడు వేసి చలి కాచుకుందామన్న సరదా కూడా వద్దు. అభయారణ్యానికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడాన్ని 30వ సెక్షన్ నిషేధించింది. ఎండిన కిక్కిస ఎంత త్వరగా అంటుకుంటుందో లంకల్లోవాళ్ళను అడగండి.

అపోహ: మారేడుమిల్లిలాగా ఇక్కడా అడవి క్యాంపు ఉంటుంది

మారేడుమిల్లిలో జంగిల్ స్టార్, నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల చూసినవాళ్ళకు ఈ ఆశ సహజం. అవి చెట్లున్న అడవులు, కింద గట్టి నేల. కొల్లేరు కూడా కాగితం మీద అభయారణ్యమే గానీ నీడకు చెట్టు వెతుక్కోవాల్సిన చోటు. కైకలూరు పక్కనున్న ఆటపాక పక్షుల కేంద్రంలో గూళ్ళు పెట్టుకోవడానికి పక్షులకే సరిపడా చెట్లు లేక, అటవీ శాఖ నీళ్ళల్లో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. గూడబాతులు వాటినే చెట్లనుకుని కాపురాలు పెట్టాయి. ఆటపాకలో బోటు షికారు ఉంది, మ్యూజియం ఉంది. రెండూ పగటి వేళలో చూసేవే. కాబట్టి రాత్రి బసకు ఊరే దిక్కు, అందులో చిన్నతనమేమీ లేదు. వెదురు గుడిసెల ఫొటోలు చూసి ఇదే కొల్లేరనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అవి పాపికొండల్లో గోదావరి పక్కనున్న కొల్లూరువి.

అపోహ: ఏలూరులో దిగితే కొల్లేరంతా చేతిలో ఉన్నట్టే

బస ఎంచుకోవడంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. అందరూ గది అద్దె గురించీ ఏసీ గురించీ అడుగుతారు గానీ, కొల్లేటికి ఏ వైపున దిగుతున్నామో ఆలోచించరు.

విజయవాడలో విడిపోయిన రెండు రైలు మార్గాలు మళ్ళీ నిడదవోలులో కలుస్తాయి. ఒకటి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే మెయిన్ లైను. రెండోది గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా పోతుంది. కొల్లేరు ఈ రెండింటి మధ్య ఉంది. రోడ్లూ అంతే: ఉత్తరాన 16వ నంబరు జాతీయ రహదారి, దక్షిణాన పామర్రు నుంచి కైకలూరు మీదుగా పాలకొల్లు వైపు పోయే 165వ నంబరు. ఏలూరు ఉత్తరపు వాకిలి, కైకలూరు దక్షిణపు వాకిలి. ఆటపాక, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దక్షిణపు వైపువి. గుడివాకలంక లాంటి ఊళ్ళు ఏలూరు వైపువి.

చూడదలచుకున్నది ఆటపాక ఒక్కటే అయితే కైకలూరులో మామూలు లాడ్జి ఏలూరులో స్టార్ హోటలు కన్నా నయం. అక్కణ్ణుంచి పక్షుల కేంద్రం ఆటోలో పోయేంత దూరం. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు గుడివాడ మీదుగా నరసాపురం పోయే రైలెక్కితే కైకలూరులోనే దిగొచ్చు. పెద్దవాళ్ళు వెంట ఉన్నారు, మంచి గది కావాలి, వేళకు భోజనం కావాలి అంటే ఏలూరే మేలు. పొద్దున్నే కారు కట్టించుకుని కొల్లేరు దాటి వెళ్ళి, పొద్దు వాలేలోగా తిరిగి రావచ్చు. ఆ ప్రయాణమే సగం దర్శనం. మనిషి ఎత్తు కిక్కిస, గుర్రపుడెక్క, వాటి నడుమ నీటి మడుగులో ఒంటికాలి మీద కొంగ, ఆ వెనకాల కనుచూపు మేరా చేపల చెరువుల గట్లు.

తాడేపల్లిగూడెంలో దిగడం తెలివితక్కువని కొందరంటారు. విశాఖ వైపు నుంచి మెయిన్ లైనులో వచ్చి, గూడెంలో చుట్టాలుండి, భీమవరం వైపు దిగి ఆకివీడు మీదుగా కొల్లేటికోట పోదామనుకునేవాళ్ళకు అది సరైన మకామే. కాకపోతే అక్కణ్ణుంచి ఆటపాకకు పోయి రావడానికి ఒక పగలు కేటాయించుకోవాలి.

అపోహ: వాన లేదు కాబట్టి నీటి భయం లేదు

అన్నిట్లోకీ ప్రమాదకరమైన అపోహ ఇదే. కొల్లేటికి వరద మీ నెత్తిన కురిసిన వానతో రాదు. ఎగువన ఎక్కడో కురిసింది రోజుల తర్వాత, ఒక్కోసారి ఎండ కాస్తుండగా, నెమ్మదిగా వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి దేశమంతా చూసింది. విజయవాడ తేరుకుంటున్న రోజుల్లో ఆ నీళ్ళు కొల్లేటికి చేరాయి. చిన్న ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదుగా పారి ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. లంక గ్రామాలు నీళ్ళ మధ్య చిక్కుకున్నాయి. ఉప్పుటేరు ఎంత తీసుకుపోగలదో అంతే తీసుకుపోతుంది, తక్కిన నీళ్ళు వంతు కోసం ఆగాల్సిందే.

జులై నుంచి అక్టోబరు దాకా వచ్చేవాళ్ళు గది మాట్లాడుకునే ముందు ఎడ్లగాడి దగ్గర రోడ్డు ఎలా ఉందో ఎవరినైనా అడగాలి. ఆ రోడ్డు మూసేస్తే ఏలూరు నుంచి హనుమాన్ జంక్షన్, గుడివాడ చుట్టి కైకలూరు చేరాలి. దగ్గర దారి కాదు. ఇక ఆ నెలల్లో చెరువు గట్టు మీది షెడ్డులో పడుకుందామనే ఆలోచన నాకు సాహసంగా కూడా అనిపించదు. వరదొచ్చిన రాత్రి ఆ గట్టే చెరువు కాపలావాడికి తన సామాను కాపాడుకునే చోటు, మిమ్మల్ని మోసే ఓపిక అతనికి ఉండదు.

అపోహ: చెరువు గట్టు మీద రాత్రి ఎంతో ప్రశాంతం

పగలు తీసిన ఫొటో చూసి అనుకునే మాట. చెరువుల దగ్గర ఏరియేటర్లు తిరుగుతుంటాయి, కరెంటు పోతే జనరేటరు అందుకుంటుంది. చేపల్ని తినిపోతాయని నీటికాకుల్నీ గూడబాతుల్నీ తోలడానికి పొద్దున్నే టపాకాయలు పేలుస్తారు. మేత వాసన, చచ్చిన చేప వాసన గాలి వాటాన్ని బట్టి వస్తాయి. పక్షుల్ని చూడాలని వచ్చి, వాటిని తరిమేచోట పడక వేసుకోవడం వింతే.

అంతకన్నా ముఖ్యం పాముల సంగతి. నీళ్ళల్లో ఈదుతూ కనపడే నీరుకట్టెను చూసి హడలిపోయేవాళ్ళు, రాత్రి అదే గట్టు మీద చాప పరుచుకుని నిశ్చింతగా పడుకుంటారు. నీరుకట్టెకు విషం లేదు. భయపడాల్సింది కట్లపాముకి. అది తిరిగేది రాత్రిపూట, కాటేసేది చాలాసార్లు నేల మీద నిద్రపోతున్నవాళ్ళనే. కాటు పెద్దగా నొప్పి పుట్టదు, వాపూ ఉండదు. చీమ కుట్టిందనుకుని పక్కకి తిరిగి పడుకుంటారు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట తడబడుతుంది, ఊపిరి ఆడదు. గుడారం చుట్టూ వెల్లుల్లి రసమో కార్బాలిక్ యాసిడో చల్లితే రావనే ధీమా పెట్టుకోకండి. మంచమెక్కి పడుకోవడం, దోమతెర అంచుల్ని పరుపు కిందికి గట్టిగా దోపుకోవడం, రాత్రి కిందికి దిగేటప్పుడు టార్చి వేసుకోవడం, పనికొచ్చేవి ఇవే. దోమలకూ అదే మందు. కాటు అనుమానం వస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కాలూ చెయ్యీ కదపకుండా పడుకోబెట్టి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉండే ఆస్పత్రికి తీసుకుపోవాలి. బస దగ్గర నుంచి అలాంటి ఆస్పత్రి ఎంత దూరమో ముందే కనుక్కోండి.

అపోహ: కొల్లేటి దగ్గర దిగితే అసలైన కొల్లేటి చేప దొరుకుతుంది

దొరికితే అదృష్టం. హోటల్లో పులుసులోకి వచ్చేది చాలావరకు చెరువుల్లో పెంచిన శీలావతి, బొచ్చె. ఐసు వేసిన పెట్టెల్లో బెంగాలుకీ అస్సాముకీ లారీలెక్కే సరుకే అది. రుచికి లోటేమీ లేదు. తాగేనీళ్ళు మాత్రం సీసాలో తెచ్చుకోండి.

అపోహ: గూడబాతులు సైబీరియా నుంచి వస్తాయి, ఆ నాలుగు రోజులే చూడాలి

పేపర్లు ఏటా రాసి రాసి దీన్ని నిజం చేసేశాయి. గూడబాతు మన దక్షిణాసియా పక్షే, ఎర్రకాళ్ళ కొంగా అంతే. ఉత్తరాది చలి దేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతులాంటి బాతులు, కొన్ని ఉల్లంకులు. గూడబాతులు కొల్లేటి ప్రాంతంలో గూళ్ళు పెట్టడం కొత్త కూడా కాదు. 1946లో కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ ఇక్కడ దాదాపు 3 వేల గూడబాతులున్న కాలనీని గుర్తించారు. 1975 ప్రాంతానికి ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. ఇప్పుడు ఆటపాక స్టాండ్ల మీద కనపడేది తిరిగొచ్చిన సంసారం.

బసకీ దీనికీ సంబంధం ఉంది. వలస బాతుల గుంపులు కావాలంటే చలికాలం తప్పదు, తెల్లవారుజామునే నీటి దగ్గర ఉండాలి, కాబట్టి బస దగ్గరగా ఉండాలి. గూడబాతుల గూళ్ళు చూడాలంటే ఆ హడావుడి లేదు. గూళ్ళు పెట్టే కాలం అక్టోబరు, నవంబరుల నుంచి మార్చి దాకా సాగుతుంది. పిల్లలున్న గూటిని తల్లీతండ్రీ వంతులేసుకుని కాస్తాయి కనుక ఏ పూట వెళ్ళినా కనపడతాయి. తల్లి దవడ కింది సంచీలోకి పిల్ల మెడదాకా తల దూర్చి చేపలు తినడం బోటులోంచి చూస్తే, పొద్దున తొమ్మిదైందా పదకొండైందా అన్నది గుర్తుండదు. ఏలూరులో తాపీగా ఇడ్లీ తినే బయల్దేరొచ్చు.

అపోహ: సంక్రాంతి సెలవులే అనువైన సమయం

పక్షులకు అనువైనదే, గదులకు కాదు. భోగి నుంచి కనుమ దాకా భీమవరం చుట్టుపక్కల లాడ్జీలన్నీ కోడిపందేలకు వచ్చినవాళ్ళతో నిండిపోతాయి. అద్దె నోటికొచ్చినంత. ఆ జనం పొంగు ఆకివీడు, కైకలూరు, ఏలూరు దాకా వస్తుంది. పండక్కి ఇంటికొచ్చిన పిల్లలకు ఇంట్లోనే పక్క వేసి, కొల్లేరు ప్రయాణం కనుమ దాటాక పెట్టుకుంటే రోడ్డూ ఖాళీ, గదీ ఖాళీ. అమెరికా టిక్కెట్టు కనుమ మర్నాటికే అయితే, గది సంగతి దసరా నాడే మాట్లాడి పెట్టుకోవాలి. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర ఉంటుంది. ఆ రోజుల్లో కైకలూరు వైపు మళ్ళీ ఇదే కథ.