రద్దీవేళ వంతుల న్యాయము

రాత్రి తొమ్మిదిగంటలకు ఇంటర్నెట్టు నత్తనడక నడుచుట పట్టణవాసులకు అనుభవైకవేద్యము. అదియే తెల్లవాఱుజామున నిరాటంకముగ ప్రవహించును. దీనికి కారణము దుర్గ్రాహ్యము కాదు. ఒక పేటలోని పెక్కుగృహములు ఒకే మార్గమును పంచుకొనుచున్నవి. కంపెనీ వారికి వాగ్దానముచేసిన వేగముల మొత్తము ఆ మార్గపు సామర్థ్యమును మించియుండును. అందఱును ఒక్కసారి వాడరను నమ్మికపై ఈ వ్యాపారము సాగుచున్నది. ఎగువరైతు రేయింబవళ్లు తూము తెఱచియుంచినచో శివారుమడి యెండునని మన కర్షకులకు వేఱుగ చెప్పవలెనా?

కావున రద్దీవేళ అత్యధికముగ వాడువారిని కొంత నిగ్రహించుట తప్పని మేమనము. ఏ న్యాయముననుసరించి నిగ్రహింతురన్నదే ప్రశ్న. ఈ విషయమున అమెరికాలోని కామ్‌కాస్ట్ కంపెనీ చరిత్ర పరిశీలనార్హము.

బిట్‌టొరెంట్ అను పద్ధతిచే ఫైళ్లు పంచుకొను చందాదారుల సంబంధములను 2007లో ఆ కంపెనీ నడుమనే త్రెంచుచుండెను. అవతలి యంత్రమే విరమించుకొనెనని తోచునట్లు కృత్రిమసందేశములను పంపుచుండెను. ఆ యక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బైబిలు ప్రతినొకదానిని పంచిచూచి, ఈ గుట్టు రట్టుచేసినది. 2008 ఆగస్టులో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను ఈ చర్యను ఖండించి, సంవత్సరాంతములోగా మానుకొనుమని యుత్తరువు చేసెను. కమిషనున కట్టి యధికారము లేదని 2010 ఏప్రిలులో అప్పీలు న్యాయస్థానము దానిని కొట్టివేసెను. కాని కంపెనీ అప్పటికే పద్ధతిని మార్చుకొనియుండెను.

ఆ క్రొత్త పద్ధతి గమనింపదగినది. స్థానికమార్గమున దిగుమతి 80 శాతమును గాని, ఎగుమతి 70 శాతమును గాని మించి 15 నిమిషములు నిండియున్నప్పుడే అది పనిచేసెడిది. అప్పుడు తాను కొన్న వేగములో 70 శాతమునకు మించి 15 నిమిషములుగ వాడుచున్నవానిని ఇతరుల వెనుక నిలుపుచుండిరి. వాని సంబంధము తెగెడిది కాదు. మార్గమున చోటున్నంతవఱకు వాని పని సాగుచునేయుండెడిది. వాడుక 50 శాతమునకు లోబడి కొంతసేపు నిలిచినచో మరల తన స్థానమునకు వచ్చెడివాడు. వాడు చూచునది చలనచిత్రమో, పురాణపాఠమో కంపెనీ విచారించెడిది కాదు.

మన దేశమున ‘ఫెయిర్ యూసేజ్’ నియమము వేఱుత్రోవ త్రొక్కినది. నెలకింతయని కొలత నిర్ణయించి, అది దాటినవారికి శేషించిన దినములందు వేగము తగ్గింతురు. ఊరు నిద్రించు వేళ వాడుకొన్నవాడు ఎవరి వంతు హరించెను? నెలసరి కొలత వానికిని, సాయంసమయమున మార్గమును నింపినవానికిని భేదము నెఱుగదు. ఇట్టి నియమములను చందాదారులకు స్పష్టముగ తెలుపవలెననియు, స్థిర బ్రాడ్‌బ్యాండున వేగమును 512 కేబీపీఎస్‌కు దిగువకు తగ్గింపరాదనియు 2016 అక్టోబరులో టెలికాం నియంత్రణసంస్థ ఆదేశించుట ముదావహము. అయినను కాలభేదమును పాటింపని కొలత రద్దీకి ఔషధము కానేరదు.

వంతులు ఎడతెగక పెట్టవలసి వచ్చినచో కాలువయే చాలదన్నమాట. చందాలు గైకొనువారు మార్గమును విస్తరింపవలెను. అందాక నిగ్రహము రద్దీవేళకే పరిమితమై, వాడుకను బట్టియే గాని వస్తువును బట్టి కాక, ముందుగ ప్రకటింపబడి సాగవలెను. తన వేగమును ఎవరు, ఎప్పుడు, ఏల తగ్గించిరో తెలిసికొనుట చందాదారుని హక్కు. ఆ హక్కును అడుగుటకు ప్రజలు సంకోచింపవలదని మా మనవి.